ఇరుకింట్లో బట్టలు ఆరాలంటే

ఐదుగురు మనుషులు, రెండు గదులు, చేటంత బాల్కనీ, రెండు రోజులైనా ఆరని బట్టలకు ముక్కిపోయిన వాసన, ఏం చేయాలి అని అడిగారు కదండీ. మేమూ విశాఖ పెదవాల్తేరులో ఆరేళ్లు అలాంటి ఇంట్లోనే ఉన్నాం. మీ టెన్షన్ నాకు తెలుసు.

ముందు వారం బట్టలన్నీ ఆదివారం ఒకేసారి ఉతకడం మానేయండి. రోజూ కొన్నే ఉతకండి. దుప్పట్లు ఎండ కాసిన రోజుకే ఉంచండి.

విశాఖలో చోటు కన్నా పెద్ద చిక్కు గాలిలో తేమ. బట్ట ఎక్కువసేపు తడిగా ఉంటే బాక్టీరియా పెరుగుతుంది, ఆ వాసన దానిదే. అందుకే మెషీన్ ఆగాక స్పిన్ ఒక్కటే ఇంకోసారి తిప్పండి. జీన్స్ తిరగేసి, నడుము దగ్గర గొట్టంలా తెరుచుకునేలా క్లిప్పులు పెట్టండి. చివరిదాకా తడిగా ఉండేది జేబుల లోపలి గుడ్డే.

బాల్కనీ సీలింగుకి తాడుతో దించి ఎత్తే హ్యాంగర్ బిగిస్తే కింద నడవడానికి చోటు మిగులుతుంది. ఇనుప తీగ మాత్రం వద్దండీ, సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. మా అత్తగారి తెల్ల చీర మీద అడ్డంగా పడిన తుప్పు గీత ఎంత ఉతికినా పోలేదు. ఆవిడ చాలా బాధపడ్డారు. నైలాన్ తాడు గానీ స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్లు గానీ వాడండి.

వానలప్పుడు గదిలో ఫ్యాన్ కింద, బట్టకీ బట్టకీ బెత్తెడు ఎడంతో ఆరేయండి. కిటికీ కాస్త తెరిచి ఉంచండి, లేకపోతే తేమ గదిలోనే తిరుగుతుంది. ఇప్పటికే వాసన పట్టిన నూలు తువ్వాళ్లను వేడినీళ్లలో కాస్త వాషింగ్ సోడా వేసి గంట నానబెట్టి ఉతకండి. రంగు దిగే బట్టలు అందులో వేయకండి.