స్నేహితురాలి పతకం నాకొస్తే తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. 400 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తుతాను. జూనియర్ నేషనల్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. మూడో స్థానం రోజూ నాతో పాటు ప్రాక్టీసు చేసే అమ్మాయిది. తనకు 17 ఏళ్లు. ఇప్పుడు డోపింగ్ పరీక్షలో తన శాంపిల్ పాజిటివ్ వచ్చింది. పోటీకి ముందు దగ్గొస్తుంటే మెడికల్ షాపులో సిరప్ కొనుక్కుని తాగిందట, అందులో టెర్బ్యుటలిన్ అనే నిషేధిత మందు ఉందట. పతకం వెనక్కి తీసుకుంటే అది నాకే వస్తుందంటున్నారు. స్పోర్ట్స్ కోటాకు నాకది చాలా అవసరం. కానీ అమ్మ "ఒకరి ఉసురు పోసుకుని తెచ్చుకునే పతకం మనకొద్దు" అంటోంది. మా సీనియర్ ఏమో "గెలిచాక లాక్కోవడమేంటి, బ్యాన్ చేస్తే చాలదా" అంటున్నాడు. నేనేం చేయాలి సార్?

జవాబు: వస్తే తీసుకో తల్లీ. మొహమాటపడొద్దు.

ముందు మీ సీనియర్ మాట చూద్దాం. ఆయన ఒక్కడే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. పతకం తీసేయడం, నిషేధం వేయడం రెండూ శిక్షలేనని, ఒక తప్పుకు రెండు శిక్షలెందుకని వాళ్ల బాధ. నియమాలు అలా లేవు. వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నియమావళి ప్రకారం వ్యక్తిగత పోటీలో ఇచ్చిన శాంపిల్‌లో నిషేధిత మందు ఉన్నట్టు తేలితే ఆ పోటీ ఫలితం దానంతటదే రద్దవుతుంది. పతకం, పాయింట్లు, ప్రైజ్ మనీ అన్నీ పోతాయి. తెలిసి తాగిందా, తెలియక తాగిందా అని అక్కడ ఎవరూ అడగరు. ఆ సంగతి నిషేధం ఎంతకాలం అన్నప్పుడే లెక్కకొస్తుంది. తప్పు ఎంతో, శిక్ష అంత. కావాలని స్టెరాయిడ్ వేసుకున్నవాళ్లకు మామూలుగా నాలుగేళ్లు. నీ స్నేహితురాలి లాంటి వాళ్లకు మందలింపుతోనే సరిపెట్టినా సరిపెట్టవచ్చు.

ఈ తేడా బాగా తెలిసిన కేసు 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోది. రొమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రడుకాన్‌కు అప్పుడు 16 ఏళ్లు. జలుబు చేస్తే జట్టు డాక్టరే మాత్ర ఇచ్చాడు. అందులో అప్పటి నిషేధిత మందు సూడోఎఫెడ్రిన్ ఉంది. ఆల్‌రౌండ్ స్వర్ణం తీసేశారు. ఆ పిల్ల మీద నిషేధం మాత్రం వేయలేదు, డాక్టర్ మీద వేశారు. క్రీడా న్యాయస్థానానికి వెళ్లినా స్వర్ణం తిరిగి రాలేదు. అంతా ఒక మెట్టు పైకి జరిగారు, నాలుగో స్థానంలో ఉన్న చైనా అమ్మాయి లియు షువాన్‌కు కాంస్యం వచ్చింది. రడుకాన్‌ను తలుచుకుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నాకూ అంతే. అయినా ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం. ఎందుకంటే, ఆ మందు ఆమెకు ఎంత సాయం చేసిందో, అసలు చేసిందో లేదో తేల్చి చెప్పగలిగేవాళ్లు లేరు. పతకం తీయాలంటే దురుద్దేశం రుజువు కావాల్సిందే అని నియమం పెడితే, రేపటి నుంచి పట్టుబడ్డ ప్రతివాడూ దగ్గు మందు కథే చెబుతాడు. అప్పుడు నిజంగా దగ్గుకు తాగినవాళ్ల మాట కూడా ఎవరూ నమ్మరు. నీ స్నేహితురాలి మాట ఈరోజు ఓపిగ్గా వినేవాళ్లు ఉన్నారంటే, పతకం సంగతిని, ఆమె తప్పొప్పుల సంగతిని వేరుగా పెట్టారు కాబట్టే.

"గెలిచాక లాక్కోవడం" అన్నమాట నాకు అసలు నచ్చలేదు. ఆ పక్క ఓడిపోయిన మనిషి ఒకరుంటారు కదా. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో, మీ హర్డిల్స్‌లోనే, మన అను రాఘవన్ నాలుగో స్థానంలో వచ్చింది. స్వర్ణం గెలిచిన బహ్రెయిన్ అమ్మాయి కెమీ అడెకోయా స్టానొజొలోల్ అనే స్టెరాయిడ్ వాడినట్టు తేలి నాలుగేళ్ల నిషేధం పడింది. అనుకు కాంస్యం ఖాయమయ్యేసరికి 2020 వచ్చింది. అంజూ బాబీ జార్జ్ అయితే ఇంకా ఎక్కువ కాలం ఆగింది. 2005లో మొనాకోలో వరల్డ్ అథ్లెటిక్స్ ఫైనల్‌లో లాంగ్ జంప్ రజతం గెలిచింది. ఆమె ముందున్న రష్యా అమ్మాయి కొతోవా అదే ఏడాది ఇచ్చిన శాంపిల్‌ను తర్వాత మళ్లీ పరీక్షిస్తే మందు బయటపడింది. అంజూ రజతం 2014లో స్వర్ణమైంది. ఈ ఇద్దరిలో ఎవరూ ఎవరి దగ్గరా ఏదీ లాక్కోలేదు. వాళ్లకు రావలసింది ఆలస్యంగా వచ్చింది, అంతే. శాంపిళ్లను పదేళ్ల దాకా దాచి మళ్లీ పరీక్షించే వీలు పెట్టింది ఇలాంటివాళ్ల కోసమే. (అందరినీ ఇలా పైకి జరుపుతారనీ కాదు. సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లు 2012లో రద్దు చేసి, ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేశారు.)

ఇక మీ అమ్మగారి మాట. ఆమె భయం నాకు అర్థమవుతుంది. మన వైపు ఊళ్లల్లో ఒకరి బిడ్డ ఏడుపు ఇంకొకరి ఇంటికి మంచిది కాదంటారు. కానీ ఉసురు తగిలేది అన్యాయం చేసినవాళ్లకి. నువ్వు ఆ అమ్మాయి మీద ఫిర్యాదు చేయలేదు, సిరప్ చేతికివ్వలేదు, పతకం ఇమ్మని అడగనూ లేదు. నువ్వు వద్దన్నావని అది తిరిగి ఆమెకు పోదు. అమ్మగారికి ఈ ఒక్క ముక్క నిదానంగా చెప్పు.

నిజంగా ఆ పిల్లకు ఏదైనా చేయాలనుంటే చేయగలిగినవి ఉన్నాయి. మొదటిది, నోరు కట్టుకోవడం. మైనర్ల పేరు బయటపెట్టి తీరాలన్న నిబంధన నియమావళిలో లేదు. అలాంటప్పుడు గ్రౌండ్‌లో, హాస్టల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఆ పేరు నీ నోటి నుంచి రాకూడదు. రెండోది, ఆమె కేసుకు పనికొచ్చే కాగితాలు వెతకడంలో తోడుండు. శాంపిల్ ఇచ్చిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది: కిట్ తనే ఎంచుకోవాలి, ఆడ అధికారి కళ్లముందే మూత్రం ఇవ్వాలి, 90 మిల్లీలీటర్లకు తగ్గకూడదు, ఏ, బీ అని రెండు సీసాల్లో పోసి తన చేత్తోనే సీలు వేయాలి. తర్వాత ఒక ఫారం నింపిస్తారు. గడిచిన ఏడు రోజుల్లో ఏ మందులు వాడారో అందులో రాయాలి. చాలామంది పిల్లలు ఆ గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టేస్తారు. అక్కడ సిరప్ పేరు రాసిందా లేదా అన్నది ఇప్పుడు చాలా ముఖ్యం. రాసుంటే ఆమె దాచలేదనడానికి అదే ఆధారం. సిరప్ సీసా, షాపు బిల్లు, ఆ రోజుల్లో డాక్టరుకు చూపించుకున్న చీటీ దొరికితే అవీ. బీ శాంపిల్ పరీక్షించమని అడిగే హక్కు ఆమెకు ఉంది. 18 నిండలేదు కాబట్టి, నాడా (మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ) రిజిస్టర్డ్ టెస్టింగ్ పూల్‌లో, అంటే పోటీలు లేనప్పుడు కూడా పరీక్షించడానికి పెట్టుకున్న ఆటగాళ్ల జాబితాలో లేకపోతే, అంతర్జాతీయ ఓపెన్ పోటీల్లో ఎప్పుడూ ఆడకపోయి ఉంటే, ఆమెను "రక్షిత వ్యక్తి"గా చూస్తారు. అప్పుడు శిక్ష మందలింపు నుంచి గరిష్ఠంగా రెండేళ్ల నిషేధం దాకా, తప్పును బట్టి. 17 ఏళ్ల పిల్లకు రెండేళ్లంటే కెరీర్ అయిపోయినట్టు కాదు. ఇది వాళ్ల అమ్మానాన్నలకు ఎవరైనా చెప్పాలి.

ఇప్పుడు నీ దరఖాస్తు సంగతి. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో జాతీయ సీనియర్, జూనియర్ పోటీల్లో మూడో స్థానం దాకా వచ్చినవాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది. నీకు మూడుకూ నాలుగుకూ ఉన్న తేడా అదే, దాన్ని ఆశపడటం తప్పు కాదు. కానీ తుది నిర్ణయం రాకుండా, సవరించిన ఫలితం ఫెడరేషన్ ప్రకటించకుండా ఏ దరఖాస్తులోనూ "మూడో స్థానం" అని రాయొద్దు. రేపు పరిశీలనలో సర్టిఫికెట్ తేడా వస్తే నువ్వే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఈలోపు నోటిఫికేషన్ వస్తే నాలుగో స్థానంతోనే పెట్టు. అప్పీలు కూడా ఉంటుంది కాబట్టి నెలలు పట్టొచ్చు, ఏడాదైనా పట్టొచ్చు. ఫలితం మారాక రాష్ట్ర సంఘం దగ్గరకు వెళ్లి ఫారం-2 (కోటాకు జతచేసే జాతీయ పోటీల సర్టిఫికెట్) కొత్తగా రాయించుకో. ఆ ఒక్క పతకం మీదే లెక్కలు వేసుకోకుండా అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు సిద్ధమవు, అక్కడి పతకానికీ కోటాలో విలువుంది. డిగ్రీ అయ్యాక బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు) దారి ఎలాగూ ఉంది.

నీ మందుల విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. జిమ్‌లో ఎవరో "స్టామినాకు" అని ఇచ్చే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ నిషేధిత మందు. ఒంటి నొప్పులకూ ఎలర్జీకీ మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చేసే ప్రెడ్నిసొలోన్ మాత్ర పోటీ రోజుల్లో నిషేధం. డబ్బా మీద రాయని పదార్థాలు ప్రొటీన్ పౌడర్లలోనూ ఉండొచ్చు. జలుబు చేసినా, జ్వరమొచ్చినా డాక్టరుకు "నేను అథ్లెట్‌ని" అని ముందే చెప్పు. నాడా వాళ్ల నో యువర్ మెడిసిన్ యాప్‌లో మందు పేరు కొట్టి చూసుకున్నాకే మింగు. ఏదైనా మందు తప్పనిసరైతే వైద్య మినహాయింపు కోసం ముందే దరఖాస్తు చేయాలి.

ఈ ఆదివారం అమ్మను వెంటబెట్టుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లు. పతకం మాట ఎత్తొద్దు. ఫారం నకలు, సీసా, బిల్లు ఎక్కడున్నాయో ఇద్దరూ కూర్చుని వెతకండి. హియరింగ్ నోటీసు వస్తే గడువు దాటకుండా జవాబు రాయాలని, రాసే ముందు క్రీడా కేసులు తెలిసిన లాయరును ఒకసారి కలవమని వాళ్ల నాన్నగారికి చెప్పు.