సిమెంటు రేకుల దుమ్ముతో జబ్బు వస్తే పరిహారానికి గడువు ఎంత?
రేణిగుంట దగ్గర షెడ్డులో ఇరవై ఏళ్లు సిమెంటు రేకులు కోసిన నాన్నకు ఇప్పుడు ఆస్బెస్టోసిస్ (ఆస్బెస్టాస్ దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు) అన్నారు, ఆలస్యమైపోయిందా అని తిరుపతి నుంచి ఒకరు అడిగారు.

గడువు రెండేళ్లు. 1923 ఉద్యోగుల పరిహార చట్టం చెప్పిందీ, దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఉన్నదీ అదే. మెలికంతా లెక్క ఎప్పటినుంచి అన్నదాంట్లో ఉంది. దుమ్ము పీల్చిన రోజు నుంచి మాత్రం కాదు. పాత చట్టం ప్రకారం, జబ్బుతో వరసగా పనికి పోలేకపోయిన మొదటి రోజు నుంచి. పని మానేశాక రెండేళ్లలోపు లక్షణాలు కనిపిస్తే, వాటిని మొదట గుర్తించిన రోజు నుంచి. మనిషి పోతే మరణ తేదీ నుంచి.

ఈ జబ్బేమో పదేళ్లు, ముప్పై ఏళ్లు ఊపిరితిత్తుల్లో నక్కి ఉంటుంది! మీ నాన్నగారిది అలాంటిదే అయితే టెన్షన్ పడకండి, సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం విచారించే అధికారికి ఉంది. తేదీ ఉన్న మొదటి ఎక్స్‌రే కవరు, పాత జీతం చీటీ జాగ్రత్తగా పెట్టుకోండి. రేకుల ఫ్యాక్టరీలో చేసుంటే, ఆరోగ్య రికార్డులు ఉద్యోగం మొదలైనప్పటి నుంచి 40 ఏళ్లు లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు ఉంచాలని 1995లో సుప్రీం కోర్టు చెప్పింది. "కాగితాలు లేవు" అంటే ఒప్పుకోకండి.

దరఖాస్తు మీరుండే తిరుపతిలోనే, కార్మిక శాఖ ఆఫీసులో వేయొచ్చు. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కార్డు ఉంటే మాత్రం దారి వేరు, ఈఎస్ఐలోనే అడగాలి.