వాచీల శీర్షిక: నడిచినంత మాత్రాన బాగున్నట్టు కాదు

ప్ర: నాన్నగారి హెచ్ఎంటీ జనతా వాచీ ఏళ్ల తరబడి బీరువాలోనే ఉంది. మొన్న కీ ఇస్తే వెంటనే నడిచింది. ఇక రోజూ పెట్టుకోవచ్చా? (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

జ: సర్వీసింగ్ చేయించాకే పెట్టుకోండి. అన్నేళ్లలో లోపలి నూనె ఎండి జిగురుగా మారి ఉంటుంది. జనతా బ్యాలెన్స్ (అటూ ఇటూ ఊగుతూ టైమును నడిపే చక్రం) గంటకు 18,000 సార్లు, అంటే రోజుకు 4,32,000 సార్లు కొట్టుకుంటుంది. నూనె లేనిచోట చక్రాల ఇరుసుల కొనలు అరుగుతాయి. ఆ పొడి పాత జిగురులో కలిసి గరుకు కాగితంలా మిగతా భాగాలనూ అరగదీస్తుంది. ఇంత జరుగుతున్నా వాచీ కొన్నాళ్లపాటు టైము సరిగ్గానే చూపిస్తుంది, అదే చిక్కు.

షాపులో ఒక్కమాట అడగండి: "మిషన్ మొత్తం విప్పి, కడిగి, నూనె వేస్తారా?" వెనక మూత తీసి చుక్క నూనె వేసి ఇచ్చేస్తే అది సర్వీసింగ్ కాదు. మెయిన్ స్ప్రింగ్ (కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపే స్ప్రింగు) ఉండే డబ్బా కూడా తెరిచి చూడాలి. టైమ్‌గ్రాఫర్ (వాచీ టిక్కులు విని నడక కొలిచే యంత్రం) ఉన్న షాపయితే మరీ మంచిది. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉండేలా పెట్టినప్పుడు ఆంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ ఊగే కోణం, 250 డిగ్రీలు దాటాలి. బీట్ ఎర్రర్, అంటే టిక్కుకీ టాక్కుకీ మధ్య తేడా, 1 మిల్లీసెకను లోపు ఉంటే చాలు. రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయితే ఈ వయసు వాచీకి తప్పు పట్టక్కర్లేదు.

తర్వాత రోజూ ఉదయం ఒకే సమయానికి కీ ఇవ్వండి. చేతి నుంచి తీసి ఇవ్వాలి, లేకపోతే కీ కాడ పక్కకు వంగి అరుగుతుంది. గట్టిగా తగిలిన చోట ఆపేయండి. "కీ ఎక్కువైంది, అందుకే ఆగిపోయింది" అంటుంటారు గానీ, అలా ఆగిన వాచీల్లో చాలావాటికి అసలు జబ్బు ఎండిన నూనే. మళ్లీ సర్వీసింగ్ నాలుగైదేళ్లకు.

ప్ర: ఆన్‌లైన్‌లో హెచ్ఎంటీ పైలట్ కొత్తదానిలా మెరుస్తోంది. కొనొచ్చా? (వరంగల్ పాఠకురాలు)

జ: ఆ మెరుపునే అనుమానించండి. హెచ్ఎంటీ 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. 2016లో ఆ వాచీల సంస్థను మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. కాబట్టి పాత డయల్‌కు మళ్లీ రంగు వేసినవే మార్కెట్లో ఎక్కువ. డయల్ ఫొటో పెద్దది చేసి చూడండి. అక్షరాల అంచులు చెదిరాయా? నిమిషాల గీతలు ఎక్కడైనా ఒంకరపోయాయా? పాతకాలపు ముళ్ల మీద పచ్చగా మెరిసే కొత్త రేడియం ఉంటే అదీ ఈమధ్య పూసిందే. ఎరుపు, ఆకుపచ్చ డయళ్ల పైలట్ల జోలికి వెళ్లకపోవడమే మేలు.

వెనక మూత తీసిన ఫొటో తప్పక అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. స్క్రూల తలలు చెదిరినా, తుప్పు మరకలు కనిపించినా బేరం వద్దు. డయల్ మాసినా మిషన్ శుభ్రంగా ఉన్న వాచీయే రోజువారీకి పనికొస్తుంది. ధరకు సర్వీసింగ్ ఖర్చు కూడా కలిపే లెక్క వేసుకోండి.

ప్ర: ఉన్నట్టుండి నా వాచీ రోజుకు పది నిమిషాలు ముందుకు పోతోంది. (గుంటూరు)

జ: బహుశా అయస్కాంతం పట్టింది. హెయిర్‌స్ప్రింగ్ (బ్యాలెన్స్‌ను ఊపే సన్నటి స్ప్రింగు) చుట్లు ఒకదానికొకటి అంటుకుని దాని పొడవు తగ్గినట్టవుతుంది, అందుకే పరుగు. వాచీని దిక్సూచి దగ్గర పెట్టి చూడండి, ముల్లు కదిలితే అదే కారణం. అయస్కాంతాన్ని తీసేసే డీమాగ్నెటైజర్‌తో నిమిషంలో పోతుంది. ఆ తర్వాత స్పీకర్లకీ, మాగ్నెట్ మూతల ఫోన్ కవర్లకీ దూరంగా ఉంచండి. దిక్సూచి ముల్లు కదలకపోతే చుట్ల మధ్య నూనె చేరిందేమో షాపులో చూపించాలి.

ప్ర: వానలో తడిసింది. బియ్యంలో పెట్టనా? (కాకినాడ)

జ: వద్దు. మిషన్‌లోకి చేరిన నీటిని బియ్యం లాగలేదు, పైగా పిండి దుమ్ము. గ్లాసు లోపల ఆవిరి కనిపిస్తే అదే రోజు షాపుకు తీసుకెళ్లి విప్పించండి. స్టీలు భాగాలకు తుప్పు పట్టడానికి ఒకట్రెండు రోజులు చాలు.