క్లోవెల్లీ వెళ్లేముందు మోకాళ్ల సంగతి చూసుకోండి

ప్ర: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఎక్సెటర్‌లో చదువుతున్నాడు. జూన్‌లో వెళ్తున్నాం. అక్కడికి దగ్గర్లో క్లోవెల్లీ అనే పాత జాలరిపల్లె చూడమంటున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు. నడవగలనా?
– పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జ: ఎక్కడమే కష్టమనుకుంటారు గానీ, మోకాళ్లను దిగుడే ఎక్కువ బాధిస్తుంది. ఇంగ్లండ్ నైరుతిలోని డెవన్ జిల్లా ఉత్తర తీరాన, కొండవాలున ఉన్న ఊరిది. ప్రధాన వీధి ఒక్కటే. సుమారు 120 మీటర్ల ఎత్తు నుంచి రేవు దాకా దిగిపోతుంది. తారూ సిమెంటూ లేవు, సముద్రపొడ్డు గులకరాళ్లు పాతి వేసిన బాట. దుర్గమ్మ కొండ మెట్ల మీద పాదం మొత్తం ఆనుతుంది, ఇక్కడ ఆనదు. చినుకు పడితే జారుడు మరీ ఎక్కువ. రబ్బరు అడుగుతో, మడమను గట్టిగా పట్టే బూట్లు వేసుకోండి. చెప్పులు వద్దే వద్దు. చక్రాల కుర్చీ, పిల్లల బండి పనికిరావు.

తిరిగి ఎక్కడానికి రేవు దగ్గరి రెడ్ లయన్ హోటల్ నుంచి వెనకదారిన, సీజన్‌లో లాండ్ రోవర్ నడుపుతారు. ఛార్జీ విడిగా ఇవ్వాలి. దిగడానికీ ఎక్కించుకుంటారేమో, ఊరు చూడ్డానికి టికెట్ కొనే కౌంటర్లోనే అడగండి. ఎక్సెటర్ నుంచి బార్న్‌స్టేపుల్‌కు రైల్లో గంటంపావు, అక్కడి నుంచి బస్సు. తిరుగు బస్సు చివరిది ఎన్నింటికో చూసుకున్నాకే బయల్దేరండి.

ప్ర: ఊరు మొత్తం ఒకే కుటుంబానిదంటారు, నిజమేనా? బళ్లు లేకుండా సామాన్లెలా చేరతాయి?
– పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జ: నిజమే. 1738లో హామ్లిన్ వంశం కొన్నది, ఇప్పటికీ వాళ్ల వారసులదే. ఇళ్లు అమ్మరు, అద్దెకే ఇస్తారు. అద్దెకు దిగినవాళ్లు అక్కడే కాపురం ఉండాలి. సెలవులకొచ్చి తాళం తీసే ఇళ్లతో ఆ తీరంలో ఎన్నో పల్లెలు బోసిపోయాయి, ఈ ఊరు మాత్రం నిలిచింది. ఊరు చూడ్డానికి టికెట్టేమిటని కొందరు విసుక్కుంటారు గానీ, ఆ పాత గోడల మరమ్మతుకు ఖర్చు కావాలి కదా. 20వ శతాబ్దం మొదట్లో క్రిస్టీన్ హామ్లిన్ చాలా ఇళ్లు బాగుచేయించారు. గోడల మీద ఆమె పొడి అక్షరాలు, సంవత్సరం చెక్కి ఉంటాయి, తలెత్తి చూడండి.

ఒకప్పుడు హెర్రింగ్ చేపల్ని గాడిదలు పైకి మోసేవి. ఇప్పుడు కిరాణా, మంచాలు, బీరువాలు అన్నీ చక్రాల్లేని చెక్క స్లెడ్జ్‌ల మీదే దిగుతాయి. దిగేటప్పుడు లాగే పని ఉండదు, జారిపోకుండా పట్టి ఆపడమే పని. ఎదురొస్తే గోడవైపు తప్పుకోండి. ఊరి ముందున్న బ్రిస్టల్ ఛానెల్ సముద్రంలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. ఆటు సమయానికి రేవులో నీళ్లుండవు, పడవలు నేల మీదే కూర్చుంటాయి. నీళ్లలో పడవలు చూడాలంటే ఆ రోజు పోటు వేళ కనుక్కుని వెళ్లండి.

ప్ర: డెవన్ క్లాటెడ్ క్రీమ్ ఇంట్లో చేయొచ్చా?
– పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జ: షాపులో దొరికే 25 శాతం ఫ్రెష్ క్రీమ్‌తో గడ్డకట్టదు, క్లాటెడ్ క్రీమ్ అంటే సన్నని వేడిమీద గడ్డకట్టించిన చిక్కటి మీగడ, అందులో కొవ్వు కనీసం 55 శాతం ఉండాలి. మెషీన్‌తో తీసిన గేదెపాల క్రీమ్‌ను వెడల్పు గిన్నెలో అంగుళం మందాన పోసి, ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర 10–12 గంటలు ఉంచండి. కలపకండి. మరిగితే నెయ్యి విడిపోతుంది. చల్లారాక ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పైపొర తీయండి. కింద మిగిలిన పాలతో పిండి కలుపుకోవచ్చు. డెవన్‌లో స్కోన్ (బన్నులాంటి చిన్న రొట్టె) మీద ముందు క్రీమ్, ఆపైన జామ్. పక్కనే ఉన్న కార్న్‌వాల్‌లో తిరగేసి వేస్తారు. స్కోన్‌లలో కొందరు గుడ్డు వేస్తారు, శాకాహారులైతే అడిగి తినండి.