గట్టర్ కారుతోందా? ముందు క్లాంపు వెనక వైపు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విశాఖ పెదవాల్తేరులో మేడ మీద రేకుల షెడ్డు, దాని చూరుకి జీఐ (జింకు పూత వేసిన ఇనుము) గట్టర్, అంటే వాననీళ్లు పట్టే తొట్టి, కింద గోడకి చెమ్మ మరకలు. ప్లంబర్ చూసి "మొత్తం మార్చేయాలండీ" అన్నాడు. నిజంగా మార్చాలా, మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి అని.

మాదీ పెదవాల్తేరేనండీ, బీచ్ రోడ్డుకి మరీ దూరం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి మా పాత రేకులు ఎగిరిపోయాక కొత్త షెడ్డు, కొత్త గట్టర్ వేయించాం. అప్పటి నుంచి దాని బాగోగులు నావే. నేను గమనించింది ఒకటే. మన ఊళ్లో గట్టర్ ముందుగా పాడవదు. దాన్ని మోస్తున్న క్లాంపులు, స్క్రూలు ముందు పోతాయి. అవి వదులైతే గట్టర్ మధ్యలో కిందికి జారుతుంది, జారిన చోట నీళ్లు నిలుస్తాయి, నిలిచిన చోట తుప్పు పట్టి చిల్లు పడుతుంది. మన కంటికి కనబడేది చిల్లు కాబట్టి గట్టర్ మార్పిస్తాం. వచ్చినవాళ్లు కొత్త గట్టర్‌ని ఆ పాత క్లాంపుల మీదే పడుకోబెట్టి పోతారు. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి మళ్లీ అదే కథ.

ఇంకో సంగతి చాలామందికి నమ్మబుద్ధి కాదు. వాన తగిలే వైపు కన్నా వాన తగలని వైపే తుప్పు ఎక్కువ. సముద్రపు గాలి ఉప్పుని అన్ని వైపులా పూస్తుంది. వాన పడినప్పుడు పైభాగం కడిగేసుకుంటుంది. చూరు కింద, గట్టర్ వెనక, క్లాంపు లోపలి వైపు ఆ ఉప్పు అలాగే పేరుకుంటుంది. ఉప్పు గాల్లో తేమని లాక్కుంటుంది కాబట్టి చినుకు లేని రోజు కూడా అక్కడ తడే. కింద నిలబడి తల పైకెత్తి చూస్తే గట్టర్ నిగనిగలాడుతూనే ఉంటుంది.

మాది మధ్యలో జారినప్పుడు వెల్డింగ్ అతన్ని పిలిచి ఒక క్లాంపు విప్పించాను. ముందువైపు బూడిద రంగు పెయింటు చెక్కు చెదరలేదు. తిప్పి చూస్తే తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది, బొటనవేలితో నొక్కితే అప్పడంలా పెళుసుగా విరిగింది. బోల్టు రంధ్రం చుట్టూ ఇనుమే లేదు, ఎర్రటి పొడి. కారణం అతనే చెప్పాడు. మొదట బిగించినవాళ్లు ఇనుప పట్టీ కోసి, రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా ముందు వేసే ఎర్ర పూత) కొట్టి, పైన పెయింటు వేసి, అంతా అయ్యాక నిచ్చెన మీద నిలబడి డ్రిల్లు పెట్టారు. రంధ్రం అంచులకి రంగు చుక్క తగల్లేదు. తుప్పు అక్కడ మొదలై పెయింటు కిందనుంచి పాకింది. అందుకే ఇప్పుడు రంధ్రాలన్నీ నేలమీదే వేయించి, ఆ తర్వాతే రంగు కొట్టిస్తాను. పని చేసేవాళ్లు కొంచెం విసుక్కుంటారు, పర్లేదు.

కాబట్టి మీరు ముందు చేయాల్సింది, ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి క్లాంపు విప్పించి వెనక్కి తిప్పి చూడటం. తర్వాత స్క్రూడ్రైవర్ కొనతో గట్టర్ అడుగున అక్కడక్కడా గట్టిగా పొడవండి. ఒకటి రెండు చోట్లే దిగితే అతుకు వేసుకోవచ్చు. తుప్పంతా వైరు బ్రష్‌తో గీకి, పూర్తిగా ఆరాక మాత్రమే బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు టేపు) గానీ సీలెంట్ గానీ వేయాలి. తడి మీద ఎంత మంచి సీలెంట్ పూసినా వారంలో ఊడి చేతికొస్తుంది. పొడిచిన చోటల్లా దిగుతుంటే మీ ప్లంబర్ మాట నిజమే, మార్చేయండి, క్లాంపులతో సహా. (ప్లంబర్లని తక్కువ చేయడం కాదు గానీ, రేకుల గట్టర్ పని రేకులు వేసేవాళ్లకి ఇస్తేనే నయం. ప్లంబర్ చూపు పైపు దగ్గరే ఆగుతుంది.)

గోడ మీద మరక ఎక్కడుందో చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. గట్టర్ ముందు అంచు మీదుగా నీళ్లు దూకుతున్నాయంటే ఎక్కడో చెత్త అడ్డుపడింది, లేదా వాలు పోయింది. వెనక వైపు, గోడని అంటుకుని కారుతుంటే గట్టర్‌ది తప్పు కాకపోవచ్చు. రేకు అంచు గట్టర్‌లోకి రెండంగుళాలైనా చొచ్చుకుని ఉండాలి. లేకపోతే నీరు రేకు అడుగుభాగాన్ని పట్టుకుని వెనక్కి పాకి గోడ మీద పడుతుంది. ఇలాంటి ఇంట్లో ఎన్ని గట్టర్లు మార్చినా చెమ్మ పోదు. ఇక డౌన్ పైపు (గట్టర్ నీళ్లు కిందికి దించే పైపు) పక్కనే నిలువుగా పెయింటు బుడగలొచ్చి, తెల్లగా ఉప్పు ఊరుతుంటే పైపు జాయింటు చూడండి. పిట్టగోడ పగుల్లో చిన్న రావి మొక్క మొలిచిందంటే మాత్రం అక్కడ చాలాకాలంగా తడి ఉన్నట్టే. పైన తుంచేస్తే లాభం లేదు, వేరుతో సహా తీయించి పగులు పూడ్పించాలి.

ఇవన్నీ ఎండలో కన్నా వానలోనే బాగా తెలుస్తాయి. గొడుగేసుకుని కింద నిలబడి ఒక పది నిమిషాలు చూడండి. వాన కోసం ఆగలేకపోతే, పైపుకి దూరంగా ఉన్న చివర రెండు బక్కెట్ల నీళ్లు పోసి, అరగంట తర్వాత ఎక్కడ నిలిచాయో చూడండి. పది అడుగులకి పావు నుంచి అర అంగుళం వాలు ఉంటే చాలు. క్లాంపులు రెండేసి అడుగులకి ఒకటి ఉండాలి. చాలాచోట్ల నాలుగేసి అడుగులకి కొట్టి చేతులు దులుపుకుంటారు.

సైజు గురించీ ఒక మాట. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 400 చదరపు అడుగుల షెడ్డు అంటే దాదాపు 37 చదరపు మీటర్లు. గంటకి 100 మిల్లీమీటర్ల జోరులో కురిస్తే నిమిషానికి 60 లీటర్లు దాటుతాయి. ఆ జోరుకి నాలుగంగుళాల పైపు ఒకటి సుమారుగా సరిపోతుంది, మూడంగుళాలది సగానికే చాలుతుంది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను రాత్రి మా వీధిలో శుభ్రంగా ఉన్న గట్టర్లు కూడా పొంగాయి. అన్నీ మూడంగుళాల పైపులే.

అడ్డుపడే చెత్త మాటకొస్తే, మా ఇంటికి శత్రువు పక్కింటి బాదం చెట్టు. వేపాకు, తురాయి ఆకు నీళ్లతో కొట్టుకుపోతాయి. బాదం ఆకు ఒక్కటి వచ్చి పైపు నోటి మీద అంటుకుంటే చాలు, మూత పెట్టినట్టే. అందుకే బల్లపరుపు జాలీ వద్దు, గుమ్మటంలా పైకి లేచిన జాలీ పెట్టుకోండి. పక్కల నుంచి నీళ్లు పోతాయి. మే నెలాఖరులో ఒకసారి శుభ్రం చేస్తే పనైపోయిందని చాలామంది అనుకుంటారు. మనకి అసలు దెబ్బ అక్టోబరు, నవంబరు తుపాన్లది. దసరా ముందు ఇంకోసారి తీయాలి, దీపావళి తెల్లారి మరోసారి చూసుకోవాలి. రాకెట్ల పుల్లలు, తారాజువ్వల గొట్టాలు, కాలిన కాగితాలు అన్నీ గట్టర్‌లోకే చేరతాయి. నీళ్లు వారం దాటి నిలిస్తే డెంగీ దోమలు తయారవుతాయి, ఆ టెన్షన్ వేరే.

మార్చాల్సి వస్తే ఏది వేయాలంటారా? బీచ్‌కి ఇంత దగ్గరలో నేనైతే యూపీవీసీయే (గట్టి ప్లాస్టిక్) వేస్తాను. తుప్పు గొడవ లేదు. కాకపోతే ఎండకి సాగుతుంది. మూడు మీటర్ల ముక్క మన పగటి వేడికి ఆరేడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. జాయింట్లు రబ్బరు సీలుతో, కాస్త ఖాళీ వదిలి వేయాలి. గమ్ పెట్టి బిగించేస్తే ఎక్కడో ఒకచోట పగులుతుంది. స్క్రూలు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలే వాడండి, దొరికితే 316 గ్రేడు. 304 గ్రేడుకి కూడా సముద్రం పక్కన గోధుమరంగు మరకలు పట్టడం నేను చూశాను. ప్లాస్టిక్ గట్టర్ వేసి ఇనుప స్క్రూలు కొట్టడం ఎందుకో నాకైతే అర్థం కాదు, కానీ అడక్కపోతే అవే కొడతారు.

ఎక్కేటప్పుడు జాగ్రత్త. అల్యూమినియం నిచ్చెన అయితే కరెంటు సర్వీసు వైరుకి దూరంగా వేయండి. పాత సిమెంటు రేకులయితే వాటి మీద కాలు పెట్టొద్దు, విరుగుతాయి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి పొడిగా గీకడం, డ్రిల్లు పెట్టడం కూడా వద్దు.

చివరగా, డౌన్ పైపు ఎక్కడ వదిలారో చూసుకోండి. పునాది పక్కనే వదిలితే గోడ కింది రెండడుగులు ఎప్పటికీ ఆరవు. కొందరు తేలిగ్గా ఉందని డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో కలిపేస్తారు. గట్టి వానకి అది వెనక్కి తన్ని బాత్రూమ్‌లోంచి పైకి వస్తుంది. స్థలం ఉంటే జాలీ దాటించి ఇంకుడు గుంతకి ఇవ్వండి, లేకపోతే వీధి కాలువకి. క్లాంపు విప్పి చూశాక ఫోటో ఇక్కడ పెట్టండి, వెనక వైపుది. అతుకుతో పోతుందో లేదో చూసి చెబుతాను.