ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలతో తోట పనిముట్లు: కోసే ముందు అడుగున ఉన్న అంకె చూడండి

"ఖాళీ క్యాన్లూ సీసాలూ కోసి మట్టి తోడటానికి, మొక్కలకు నీళ్లు పోయడానికి వాడదామంటే కొన్ని కోస్తుండగానే పగులుతున్నాయి, కొన్ని నాలుగు నెలలకే పొడిపొడి అవుతున్నాయి. ఏ డబ్బా దేనికి పనికొస్తుంది?" అని కదా అడిగారు. లోపం మీ కోతలో కాదు, చాలావరకు డబ్బా ఎంపికలోనే ఉంటుంది.

డబ్బా బోర్లిస్తే అడుగున త్రికోణంలో ఒక అంకె కనిపిస్తుంది. 2 అంటే హెచ్‌డీపీఈ: డిటర్జెంట్ సీసాలు, పిడి ఉన్న మందపాటి క్యాన్లు. ఇది వంగుతుంది గాని తొందరగా చిట్లదు, కాబట్టి చేత్తో పట్టుకుని వాడే పనిముట్లన్నిటికీ ఇదే మంచిది. 1 అంటే పెట్: నీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు. మడతపడిన చోట తెల్లబడి, అక్కడే చీలుతుంది. మరిగే నీళ్లు పోస్తే ముడుచుకుపోతుంది. 5 అంటే పీపీ: పెరుగు కప్పులు, మూతల డబ్బాలు. నారు పోయడానికి బాగుంటాయి గాని ఎండకు అన్నిటికంటే ముందు పెళుసెక్కేవి ఇవే. 6 కోస్తుంటేనే పగులుతుంది, వదిలేయండి. 3 అంటే పీవీసీ, రంధ్రాలు పెట్టడానికి దానికి వేడి సూది తగలనివ్వొద్దు, ఘాటైన ఆమ్లవాయువు వస్తుంది. అంకె అరిగిపోయి ఉంటే చిన్న ముక్క కోసి నీళ్లలో వేయండి. 2, 5 రకాలు తేలుతాయి, 1 మునుగుతుంది.

పురుగుమందు, యాసిడ్, ఇంజిన్ ఆయిల్ పోసిన డబ్బాలు ఎంత కడిగినా తోటకు వద్దు. డిటర్జెంట్ క్యాన్ అయితే నాలుగోవంతు నీళ్లు పోసి, మూత బిగించి అర నిమిషం కుదిపి పారబోయండి. నురగ రావడం ఆగేదాకా ఇలాగే చేయాలి. పిడి లోపల బోలుగా ఉంటుంది, సబ్బు దాక్కునేది అక్కడే. అందుకే ఒకసారి తలకిందులుగా పట్టి కుదపాలి. బ్లీచ్ సీసాను మాత్రం ఉత్త నీళ్లతోనే కడగండి. అమోనియా ఉన్న ద్రవం గానీ, బాత్‌రూమ్ యాసిడ్ గానీ అందులో కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఇక మట్టి తోడే గరిటె. రెండు నుంచి నాలుగు లీటర్ల పిడి క్యాన్ తీసుకుని, మూత బిగించే ఉంచండి. మూతి మీవైపు, పిడి పైకి ఉండేలా పట్టుకుంటే కిందివైపు గోడ గరిటె నాలుక అవుతుంది. పిడి కింది అతుకు దాటాక మూడు, నాలుగు సెంటీమీటర్లు వదిలి గీత మొదలుపెట్టి, రెండు పక్కలా ఏటవాలుగా దించుతూ, ఎదుటి గోడ మీద అడుగుకు ఒక సెంటీమీటరు ఇవతల కలపండి. అతుకును ఆనుకుని కోస్తే బోలు పిడిలోకి మట్టి దూరుతుంది, బరువు పడగానే అక్కడే చీలుతుంది. అడుగు అంచు తీయకుండా ఉంచితే నాలుక మట్టిలోకి దిగదు.

మందపాటి క్యాన్ అయితే వేడి నీళ్లు పోసి రెండు నిమిషాలు ఉంచి పారబోస్తే మెత్తబడి, కోత తేలికవుతుంది. మొదట మలుపులున్న చోట దబ్బనంతో చిన్న రంధ్రం పెట్టండి. కోత ఆ గుండ్రటి రంధ్రంలో ముగిస్తే పగులు ముందుకు పాకదు, కోసుగా వదిలిన మూల నుంచే చీలిక మొదలవుతుంది. కత్తి మీ చేతికి దూరంగా కదలాలి. అంచును గరుకు కాగితంతో రుద్దండి. ఇది పోసిన మట్టికీ, కంపోస్టుకీ, కుండీలు నింపడానికే. గట్టి నేల తవ్వబోతే నాలుక మడతపడుతుంది.

నీళ్లు పోసే క్యాన్‌కు మూతలో రంధ్రాలు పెట్టాలి. నారు మీద పోయడానికైతే ఒక మిల్లీమీటరు రంధ్రాలు పది, పదిహేను చాలు. పెద్దవైతే ధారకు విత్తనాలు కొట్టుకుపోతాయి. సూదిని పట్టుకారుతో పట్టుకుని వేడిచేసి, ఆరుబయట గుచ్చండి. చాలామంది మరిచేది గాలి రంధ్రం. పిడి పైభాగంలో నాలుగైదు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి లేకపోతే నీళ్లు గుడగుడమంటూ ఆగి ఆగి వస్తాయి, క్యాన్ లోపలికి నొక్కుకుపోతుంది. ఐదు లీటర్ల నీళ్లంటే ఐదు కిలోలు, పిడి సన్నగా ఉంటే నాలుగు లీటర్ల దగ్గరే ఆపండి.

బొట్టుబొట్టుగా తడి ఇవ్వడానికి సీసాను తలకిందులుగా గుచ్చితే మూత రంధ్రంలో మట్టి కూరుకుంటుంది. దానికంటే సీసాను నిలబెట్టి, అడుగుకు ఒక సెంటీమీటరు పైన సూదితో ఒక్క రంధ్రం పెట్టడం మేలు. వేగం మూతతో మార్చుకోవచ్చు. బిగిస్తే గాలి అందక నీరు ఆగుతుంది, వదులు చేస్తే కారుతుంది. సుమారు ఇరవై బొట్లు ఒక మిల్లీలీటరు. సెకనుకు ఒక బొట్టు చొప్పున రెండు లీటర్లు పదకొండు గంటల్లో అయిపోతాయి, రెండు సెకన్లకు ఒకటైతే రోజుకు దగ్గరగా వస్తుంది. అయితే సగం ఖాళీ అయిన సీసాలో ఎండకు గాలి వ్యాకోచించి నీటిని నెడుతుంది, పలుచటి సీసా గోడలు లోపలికి నొక్కుకుంటాయి. అందుకే మూత బిగించినా కాస్త కారుతుంది. ఉదయం వేగం సరిచూసి రోజంతా అదే ఉంటుందనుకోవద్దు. పారదర్శకమైన సీసాలో పాచి పడుతుంది, కాగితమో గుడ్డో చుట్టండి. అసలు మూత తీసేసి ఉంచకండి, దోమలు గుడ్లు పెడతాయి.

లేత నారుకు టోపీలా బోర్లించడానికి అడుగు కోసిన పెట్ సీసా సరిపోతుంది. మూడు సెంటీమీటర్లు మట్టిలో దింపండి, ఎండ ఎక్కగానే మూత తీయండి. లేకపోతే మొక్క లోపల ఉడికిపోతుంది. పెరుగు కప్పులను రెండు సెంటీమీటర్ల పట్టీలుగా కోస్తే పేర్ల లేబుళ్లు వస్తాయి. వాటిని గరుకు కాగితంతో రుద్ది పెన్సిల్‌తో రాయండి, మార్కర్ సిరా ఎండకు వెలిసిపోతుంది.

ఏ రెండు ముక్కలనైనా జిగురుతో అతకబోతే 2, 5 రకాలకు మామూలు జిగురు పట్టదు. తీగతో కుట్టండి, లేదా స్క్రూ కింద వాషర్ వేసి బిగించండి. పని కాగానే నీడలో పెట్టండి. నెలకోసారి అంచును వేలితో వంచి చూడండి. తెల్లటి పొడి రాలినా, పగులు గీత కనిపించినా మట్టిలో ముక్కలు కాకముందే పొడి చెత్తలో వేసేయండి.