అకాడమీకి వెళ్లేలోపు ఆ ఐదు పుస్తకాలూ చదవాల్సిందేనా?

ప్రశ్న: నాకు పద్దెనిమిదేళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. ఎన్‌డీఏకి (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) సెలెక్ట్ అయ్యాను, జూలైలో పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో చేరాలి. నన్ను ఎస్‌ఎస్‌బీకి, అంటే సైనిక అధికారుల ఎంపిక ఇంటర్వ్యూకి, తయారుచేసిన రిటైర్డ్ కల్నల్ గారు ఐదు ఇంగ్లిష్ పుస్తకాల పేర్లు ఇచ్చి, వెళ్లేలోపు చదివి ఒక్కోదాని మీద ఒక పేజీ రాసి పంపమన్నారు. 1971 యుద్ధం మీద ఉన్న పుస్తకం మొదలుపెట్టి ఇరవై పేజీల దగ్గర ఆపేశాను. సీనియర్లేమో 'లోపల అవన్నీ ఎవరూ అడగరు, హాయిగా నిద్రపో' అంటున్నారు. నాన్న టైంటేబుల్ రాసి గోడకు అంటించారు. రోజూ రాత్రి అన్నాల దగ్గర గొడవే. అమ్మ ఏడుస్తోంది. రెండేళ్లు కాలేజీ హాస్టల్లో చదివి చదివి విసిగిపోయాను. చదవకపోతే నష్టమా?

జవాబు: ముందు నీకు అభినందనలు బాబూ. ఇంటర్ చదువుతూనే తొమ్మిది వందల మార్కుల రాతపరీక్ష, ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ, మెడికల్ అన్నీ దాటావు. నీ అలసట నిజమైనదే, దాన్ని బద్ధకమని ఎవరన్నా పట్టించుకోకు.

చదవమనే నేనూ అంటాను. అయితే ఐదూ అక్కర్లేదు. రెండు పుస్తకాలు మనసు పెట్టి చదువు, చాలు.

మీ సీనియర్ల మాటలో సగం నిజముంది. మొదటి టర్మ్‌లో పరుగు, డ్రిల్, ఈత, క్లాసులు, వాటి మధ్య సైకిళ్ల మీద ఉరుకులు. నిద్రకే టైం చాలదు. తీరిగ్గా పుస్తకం పట్టుకునే వీలు నీకు ఇప్పుడే ఉంది. వాళ్లు చెప్పని సగం ఇంకోటి ఉంది. ఎన్‌డీఏ ఒక కాలేజీ కూడా. మూడేళ్ల తర్వాత నీ చేతికొచ్చే డిగ్రీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానిది. పాఠాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. చదువులో తప్పితే రెలిగేట్ చేస్తారు, అంటే నీ తోటివాళ్లు ముందుకెళ్తుంటే నువ్వు ఒక టర్మ్ వెనక్కి పోతావు. ఒళ్లు గట్టిగా ఉన్న పిల్లలు కూడా అక్కడ చిక్కుపడతారు.

ఇరవై పేజీల దగ్గర ఎందుకు ఆగిపోయావో ఊహించగలను. రెండేళ్లుగా నువ్వు చదివింది మెటీరియల్. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారం చివర టెస్టు. ఏ పేరా చూసినా ఇందులోంచి బిట్ ఏమొస్తుందనే వెతికావు. ఇప్పుడు బిట్లూ ర్యాంకూ లేని పుస్తకం చేతిలో పెడితే చూపు జారిపోతోంది. ఇందులో నీ తప్పేమీ లేదు. అలా చదవడమే నీకు అలవాటు చేశారు. ఆ అలవాటు వదిలించుకోవడానికి ఈ కొద్ది వారాలు పనికొస్తాయి కాబట్టే చదవమంటున్నాను.

ఆ 1971 పుస్తకాన్నే తీసుకుందాం. వరస పెట్టి పేజీలు తిప్పకు. పక్కన మ్యాప్ పెట్టుకో. డిసెంబరులో మన సైన్యం ఢాకా వైపు వెళ్తుంటే మేఘనా నది అడ్డొచ్చింది. ఆశూగంజ్ దగ్గర వంతెనను పాకిస్తాన్ సైన్యం పేల్చేసింది. జనరల్ సగత్ సింగ్ తన బలగాలను హెలికాప్టర్లలో నది దాటించారు. ఆ నెల 16న ఢాకాలో లొంగుబాటు జరిగింది. ఈ భాగం చదివిన సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదకు వెళ్లి సీతానగరం వైపు చూడు. ఈ దారి లేదనుకో. వందల మందిని, తుపాకులను, మందుగుండును అవతలికి చేర్చాలి. ముందు ఎవరిని పంపుతావు? అవతల దిగినవాళ్లకు తిండి ఎలా అందుతుంది? నీకు తోచిన జవాబు ఒక పేజీ ఇంగ్లిష్‌లో రాయి. తప్పులున్నా ఫర్వాలేదు. కల్నల్ గారు అడిగిన పేజీ అదే అనుకుంటున్నాను.

నెట్‌లో సారాంశం చూసి ఐదు పేజీలూ రాసి పంపేద్దామని అనిపించవచ్చు. ఆ పని మాత్రం చేయొద్దు. అకాడమీలో కాపీనీ అబద్ధాన్నీ చాలా పెద్ద తప్పులుగా చూస్తారు, ఆ దారి ఇంట్లో కూర్చుని మొదలుపెట్టకు. కల్నల్ గారికే ఫోన్ చేసి, "సర్, ఐదూ పూర్తి చేయలేకపోతున్నాను. వీటిలో ముందు ఏ రెండు చదవమంటారు?" అని అడుగు. సైన్యంలో పనిచేసిన మనిషికి ఇలా సూటిగా చెప్పే కుర్రాడంటే ఇష్టమే ఉంటుంది.

రోజుకి గంట చాలు, అందులో పది నిమిషాలు పైకి చదువు, నోరు తిరుగుతుంది. ఇంట్లో కుదరకపోతే ఠాగూర్ లైబ్రరీకి వెళ్లు. ఎండ ఎక్కకముందే బీఆర్‌టీఎస్ రోడ్డు మీద పరుగు ఆపకు. ఈత రాకపోతే మున్సిపల్ కొలనులో నేర్చుకో, కాలువల్లో, ఘాట్లలో వద్దు. మధ్యాహ్నం నిద్రపో, నీకది అవసరం.

ఇక నాన్నగారి సంగతి. నువ్వు రెండేళ్లు హాస్టల్లో ఉన్నావు, ఇప్పుడు మూడేళ్లు మరీ దూరం వెళ్తున్నావు. ఈ మధ్యలో నీతో ఎలా గడపాలో తెలియక ఆయన టైంటేబుల్ రాశారని నాకనిపిస్తోంది. చదువు గురించి తప్ప నీతో మాట్లాడే అలవాటు ఆయనకు పోయి ఉంటుంది. అన్నాల దగ్గర ఈ విషయం ఎత్తకు. డాబా మీద ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు: "నాన్నా, రెండు పుస్తకాలు పూర్తి చేస్తాను, మాట ఇస్తున్నాను. ఆ కాగితం తీసేయండి. చదివింది రోజూ రాత్రి మీకు చెబుతాను." నిజంగానే చెప్పు, తెలుగులోనే చెప్పు. మేఘనా దాటిన సంగతి ఆయన కూడా వింటారు. ఆయన మొదటిరోజు ఒప్పుకోకపోయినా నువ్వు చెప్పడం మానకు.

అమ్మ దగ్గర చొక్కా ఇస్త్రీ చేయడం, ఊడిన బొత్తాం కుట్టుకోవడం నేర్చుకో. అక్కడ నీ పని నువ్వే చూసుకోవాలి. సూది దారం పట్టుకుని పక్కన కూర్చుంటే, గొడవల్లో ఇన్నాళ్లూ చెప్పలేకపోయినవి ఆవిడ తనంతట తనే చెబుతుంది. మధ్యలో ఫోన్ చూడకు.